రక్తములోని భాస్వరమును కొలిచిన తెలుగువాడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మహనీయుల జీవితచరిత్రలను చదివేటప్పుడు మనం సాధారణంగా వారు అధిరోహించిన శిఖరాలనే చూస్తాము. శిఖరానికి దారితీసిన కాలిబాటను, ఆ బాటలో కాలికి గుచ్చుకొన్న ముండ్లను చూడము. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు విషయములో ఇది మరింత నిజము. ఆయన పేరు వినని తెలుగు విద్యార్థి అరుదు. పాఠ్యపుస్తకాలలో ఆయనను గురించి నాలుగు వాక్యాలుంటాయి: ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, బోదకాలు మందు, క్యాన్సరు మందు. ఈ నాలుగు పేర్లను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి మనము ముందుకు సాగిపోతాము. కాని వీటన్నింటికి ముందు, ముప్పది యేండ్ల ప్రాయములో, ఒక గాజు గొట్టములోని నీలిరంగును పరీక్షిస్తూ ఆయన కనిపెట్టిన కొలత పద్ధతి ఒకటున్నది. దానిని గురించి వ్రాసినవారు తక్కువ. ఆ చిన్న పద్ధతి మనిషి రక్తములో భాస్వరమెంత, భాస్వరముతో కూడిన కొవ్వు ఎంత అన్న ప్రశ్నలకు ప్రపంచములోని వైద్యశాలలన్నింటికీ సమాధానము చెప్పే మార్గమును చూపింది. ఆ కోణము నుండి ఈ మహాశాస్త్రవేత్త జీవితాన్ని పరిశీలించడమే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

బాల్యము – విద్యాభ్యాసము

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరములో జన్మించారు. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. పెద్ద కుటుంబము, స్వల్పమైన ఆదాయము. అనారోగ్యము వలన తండ్రి ఉద్యోగము ముందుగానే ముగియడముతో ఇల్లు గడవడమే కష్టమైంది. బాలుడైన సుబ్బారావుకు చదువు మీద కంటె సంపాదన మీద ధ్యాస కలిగింది. పదమూడవ యేట ఇంటి నుండి వెళ్ళిపోయి కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడించాలని బయలుదేరాడు. తల్లి వెంటపడి వెనుకకు తెప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. ఆ తల్లి పట్టుదలే లేకపోతే ఈనాడు మనము చెప్పుకొనేందుకు కథే ఉండేది కాదు.

రాజమహేంద్రవరములో చదువు సాగినది కాని మెట్రిక్యులేషన్ ఒక పట్టాన చేతికి రాలేదు. రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడైనాడు. పరీక్షలో ఒకసారి తప్పినంత మాత్రాన జీవితమే ముగిసిందని క్రుంగిపోయే మన విద్యార్థులు ఈ విషయాన్ని మననము చేసికోవాలి. అంతలో తండ్రి కాలధర్మము చెందారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు గణితములో మంచి ప్రతిభ కనబరచినా, ఆయన మనస్సు సన్న్యాసము వైపు మొగ్గింది. రామకృష్ణ మఠములో చేరదలచినారు. అందుకు తల్లి సమ్మతించలేదు. వైద్యవిద్య నేర్చి రోగులకు సేవ చేయడమే తగిన మార్గమని మఠములోని పెద్దలు హితవు చెప్పగా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహము జరిగింది. ఆయన చదువుకు మామగారి సహాయము, మిత్రుల సహాయము ఆధారమైనాయి.

అవి జాతీయోద్యమము ఉధృతముగా సాగుతున్న దినములు. గాంధీజీ పిలుపు నందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో కూడ ఖద్దరు దుస్తులు ధరించారు. శస్త్రచికిత్సా శాస్త్రాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. ఫలితముగా తక్కిన వారికి లభించిన ఎం.బి.బి.యస్. పట్టము కాక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే ఆయనకు దక్కింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రవేశమూ లభించలేదు. చివరకు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించే ఉపాధ్యాయుడిగా చేరారు.

స్ప్రూ వ్యాధి నేర్పిన పాఠము

ఆ కాలములోనే ఆయన జీవితగమనాన్ని నిర్ణయించిన విషాదము సంభవించింది. ఇరువురు సోదరులు స్ప్రూ అనే వ్యాధి వలన కొద్ది రోజుల తేడాతో మరణించారు. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ వ్యాధిలో చిన్న ప్రేవు ఆహారములోని సారమును పీల్చుకొనే శక్తిని కోల్పోతుంది. తిన్న కొవ్వు జీర్ణము కాక విరేచనములలో వెళ్ళిపోతుంది. రక్తము పలుచబడుతుంది. మనిషి నానాటికి చిక్కి శల్యమౌతాడు. సుబ్బారావు గారికే ఆ వ్యాధి సోకినప్పుడు లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స ఆయనను బ్రతికించింది. పాశ్చాత్య వైద్యము చదివినవాడు దేశీయ వైద్యము వలన బ్రతికి, ఆ మందులో ఉన్నదేమిటో తెలిసికోవాలని తహతహలాడినాడు. గుణము కనిపిస్తే చాలునని ఊరుకోక, గుణమునకు కారణమేమిటని అడగడమే శాస్త్రీయ దృష్టి. ఆ ప్రశ్నయే ఆయనను సముద్రములు దాటించింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయముతోను, మామగారు సమకూర్చిన ధనముతోను ఆయన 1920 తరువాతి తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ నగరము చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశించారు. చేతిలో డబ్బు లేదు. మన దేశపు పట్టమునకు అక్కడ విలువ లేదు. వైద్యుడైన వ్యక్తి రాత్రివేళ ఆసుపత్రిలో కూలివాడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలను కడిగి పొట్టపోసికొన్నాడు. పగలు చదువు, రాత్రి ఊడిగము. అటువంటి స్థితిలో కూడ ఆయన ప్రయోగశాలను విడువలేదు.

నీలిరంగు చెప్పిన లెక్క

హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద ఆయనకు పరిశోధనావకాశము లభించింది. ఆనాడు శాస్త్రజ్ఞులను వేధిస్తున్న సమస్య ఒకటి: రక్తములోను, మూత్రములోను, కండరాలలోను ఉన్న భాస్వరాన్ని కచ్చితముగా, తొందరగా కొలవడమెట్లా? భాస్వరము ఎముకలో ఉన్నది, రక్తములో ఉన్నది, నాడీ కణజాలములో ఉన్నది. కాని రక్తములో అది అత్యల్ప పరిమాణములో ఉంటుంది. ఆరోగ్యవంతుడైన వయోజనుని రక్తరసములో నూరు మిల్లీలీటర్లకు సుమారు రెండున్నర నుండి నాలుగున్నర మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత స్వల్పమైన పదార్థాన్ని త్రాసులో తూచలేము. అంతకు ముందున్న రంగు పద్ధతులలో రంగు త్వరగా వెలసిపోవడమో, ఇతర పదార్థాలు అడ్డు తగలడమో జరిగేది.

1925లో ఫిస్కే, సుబ్బారావులు ప్రకటించిన పద్ధతి ఈ చిక్కును విడదీసింది. దాని క్రమము ఇది. రక్తములోని మాంసకృత్తులను ముందుగా ఒక ఆమ్లముతో విరగగొట్టి వడగట్టాలి. వడగట్టిన ద్రవములో ఆమ్లయుతమైన అమ్మోనియం మాలిబ్డేట్ కలపాలి. ఫాస్ఫేటు దానితో కూడి ఒక క్రొత్త సమ్మేళనముగా మారుతుంది. దానికి అమైనోనాఫ్తాల్‌సల్ఫానిక్ ఆమ్లము అనే క్షయకరణిని చేర్చగానే ద్రవము నీలవర్ణము దాల్చుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే నీలిరంగు అంత చిక్కగా ఉంటుంది. ముందే పరిమాణము తెలిసిన ద్రవపు రంగుతో దీనిని పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. కొద్ది నిమిషాల పని. ఖరీదైన పరికరములు అక్కర లేదు. అందుచేతనే ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రపంచమంతటా వ్యాపించి, ఆ వ్యాసము జీవరసాయన శాస్త్రములో అత్యధికముగా ఉదాహరింపబడిన వ్యాసాలలో ఒకటిగా నిలిచింది. నేడు పెద్ద వైద్యశాలలలో యంత్రములే ఈ పరీక్షలు చేస్తున్నా, ఫాస్ఫేటును మాలిబ్డేటుతో పట్టుకోవడమనే మూలసూత్రము మారలేదు.

కొవ్వులో దాగిన భాస్వరము

రక్తములో కొవ్వు ఒకే రూపములో ఉండదు. కొలెస్ట్రాలు, ట్రైగ్లిసరైడులు, ఫాస్ఫోలిపిడులు అని ముఖ్యముగా మూడు తెగలు. వీటిలో మూడవ తెగకు చెందిన కొవ్వులో భాస్వరము ఒక అంగము. కొవ్వు నీటిలో కరగదు. రక్తము ప్రధానముగా నీరు. మరి కొవ్వు రక్తములో ఎట్లా ప్రయాణిస్తుంది? ఒక కొస నీటికి, మరొక కొస కొవ్వుకు చెలిమి చేసే ఫాస్ఫోలిపిడులు కొవ్వు బిందువుల చుట్టూ పొరగా ఏర్పడి, మాంసకృత్తులతో కలిసి వాటిని రక్తములో మోసుకొని పోతాయి. ఇరుపక్షాలకు నచ్చిన మధ్యవర్తి వంటివి అవి.

ఈ కొవ్వును కొలవడమునకు సుబ్బారావు గారి పద్ధతే శరణ్యమైంది. రక్తరసము నుండి కొవ్వులను ఆల్కహాలు, ఈథరు వంటి ద్రావకములతో వేరుచేసి, వాటిని గాఢామ్లముతో కాచి భస్మము చేస్తే కొవ్వులోని భాస్వరము ఫాస్ఫేటుగా విడివడుతుంది. దానిని నీలిరంగు పద్ధతిలో కొలిచి ఇరవై అయిదుతో హెచ్చవేస్తే ఫాస్ఫోలిపిడుల మొత్తము తెలుస్తుంది. ఈ కొవ్వులలో భాస్వరము నూటికి నాలుగు వంతులుండడమే ఈ గుణకారమునకు కారణము. మధుమేహము, మూత్రపిండ వ్యాధులు, కాలేయ వ్యాధులు, గ్రంథుల వ్యాధులు మున్నగు వాటిలో రక్తములోని కొవ్వులు ఎట్లా మారుతాయో దశాబ్దాల తరబడి సాగిన అధ్యయనములకు ఈ కొలత ఆధారమైంది.

ఉదాహరణకు అక్రోమెగలీ అనే వ్యాధిని తీసికొందాము. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథిలో కణితి ఏర్పడి, పెరుగుదల హార్మోను అపరిమితముగా స్రవించడము వలన ఈ వ్యాధి కలుగుతుంది. 1886లో పారిస్ నగరపు వైద్యుడు పియర్ మారీ దీనికి ఈ పేరు పెట్టారు. ఎదిగే వయస్సులో ఈ స్రావము హెచ్చితే పిల్లవాడు తాడిచెట్టువలె పెరుగుతాడు. ఎదుగుదల ముగిసిన తరువాత హెచ్చితే పొడవు పెరగదు. చేతులు, పాదములు, దవడ, ముక్కు, పెదవులు మొద్దుబారి పెరుగుతాయి. వేలి ఉంగరము బిగుసుకొంటుంది. చెప్పుల కొలత మారుతుంది. మార్పు ఏండ్ల తరబడి మెల్లగా జరగడము వలన రోజూ చూచే ఇంటివారికి తెలియదు. పాత ఛాయాచిత్రాన్ని ప్రక్కన పెట్టి చూచినప్పుడే తెలుస్తుంది.

పైకి కనిపించే ఈ మార్పులకంటె రక్తములో జరిగే మార్పులు ప్రమాదకరమైనవి. పెరుగుదల హార్మోను శరీరములో నిలువయున్న కొవ్వును కరిగించి కొవ్వు ఆమ్లములను రక్తములోనికి వదులుతుంది. ఇన్సులిన్ పని చేయకుండా అడ్డుకొంటుంది. కాలేయము ట్రైగ్లిసరైడులను ఎక్కువగా తయారుచేస్తుంది. వాటిని రక్తము నుండి తొలగించే ఎంజైము మందగిస్తుంది. అందువలన ఈ రోగులలో పెక్కుమందికి ట్రైగ్లిసరైడులు హెచ్చి, మేలు చేసే కొలెస్ట్రాలుగా పేర్కొనే హెచ్.డి.ఎల్. తగ్గి ఉంటుంది. మొత్తము కొలెస్ట్రాలు మాత్రము కొందరిలో మామూలుగానే ఉండవచ్చును. కనుక ఆ ఒక్క అంకెను చూచి నిశ్చింతగా ఉండరాదు. రక్తపోటు, మధుమేహము కూడ తోడైతే గుండెకు చేటు. కణితిని శస్త్రచికిత్సతో తొలగించినప్పుడు గాని, మందులతో స్రావమును అదుపు చేసినప్పుడు గాని ట్రైగ్లిసరైడులు సాధారణముగా తగ్గుముఖము పడతాయి.

సుబ్బారావు గారి భాస్వరము కూడ ఈ వ్యాధిలో ఒక సాక్షి. పెరుగుదల హార్మోను ప్రభావము వలన మూత్రపిండములు ఫాస్ఫేటును బయటికి పోనీయక రక్తములోనే నిలుపుతాయి. ఎదిగే పిల్లల రక్తములో పెద్దవారి కంటె భాస్వరము ఎక్కువగా ఉండడమునకు ఇదియొక కారణము. అక్రోమెగలీ రోగి వయస్సులో పెద్దవాడైనా అతని రక్తములోని భాస్వరము ఎదిగే పిల్లవాని స్థాయిని తలపించవచ్చును. ఎదగవలసిన కాలము దాటినా ఎదుగుదల ఆగలేదని ఆ నీలిరంగు చెబుతుందన్నమాట. మన నల్లగొండ జిల్లా ప్రజలకు ఎముకల వ్యాధి అనగానే ఫ్లోరైడు నీరు, వంగిన వెన్నెముకలు జ్ఞప్తికి వస్తాయి. ఎముకల వ్యాధి ఏదైనా వైద్యుడు రక్తములో కాల్షియముతో పాటు భాస్వరాన్ని కూడ చూడమని చీటీ వ్రాస్తాడు. ఆ చీటీ వెనుక ఒక తెలుగువాని శ్రమ దాగియున్నదని మనలో ఎందరికి తెలుసు?

దోషముగా తోచిన దానిలో దొరికిన సత్యము

ఈ పద్ధతిని కండరములకు అన్వయించినప్పుడు ఒక వింత జరిగింది. గొట్టములో నీలిరంగు ఒక్కసారిగా ఏర్పడి ఆగిపోలేదు. నిమిషములు గడిచినకొద్దీ ఇంకా చిక్కబడుతూ పోయింది. మరొకరైతే ప్రయోగములో దోషమున్నదని ఆ ద్రవాన్ని పారబోసేవారు. ఫిస్కే, సుబ్బారావులు అట్లా చేయలేదు. ఆమ్లములో మెల్లగా విచ్ఛిన్నమై ఫాస్ఫేటును విడుదల చేసే పదార్థమేదో కండరములో ఉన్నదని ఊహించి దానిని వెదికి పట్టినారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని లోకానికి వెల్లడించారు. 1929లో అడెనోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా నేడు బడిపిల్లలు కూడ ఎ.టి.పి. అని పిలిచే పదార్థాన్ని, కండరము నుండి వేరుచేసినట్లు ప్రకటించారు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానినే కనుగొన్నాడు.

అంతవరకు కండరము సంకోచించడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని హిల్, మేయర్‌హాఫ్ అనే ఉద్దండులు భావించారు. కండరములపై చేసిన పరిశోధనలకు వారికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడ లభించియున్నది. భాస్వర సమ్మేళనముల ఆవిష్కరణముతో ఆ సిద్ధాంతము పునాదులు కదలినాయి. హిల్ ఆ మార్పును విప్లవముగా బహిరంగముగా అంగీకరించడము ఆయన పెద్దమనసుకు నిదర్శనము. నేడు మనము అన్నము తిన్నా, కొవ్వు కరిగినా, చెయ్యి కదిపినా, ఆలోచన చేసినా ఆ వ్యవహారమంతా ఎ.టి.పి. అనే నాణెముతోనే జరుగుతున్నదని శాస్త్రము చెబుతున్నది.

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ నుండి పిహెచ్.డి. పట్టము లభించింది. తరువాత దశాబ్దములో ఆయన కాలేయ సారములోని జీవసత్త్వములను శోధించారు. నికోటినిక్ ఆమ్లము, పాంటోథెనిక్ ఆమ్లము మీద విలువైన పని చేశారు. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవిని ఇవ్వలేదు.

లెడర్లీ ప్రయోగశాల

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, తరువాత అక్కడి పరిశోధనలకు సంచాలకుడైనారు. తన సోదరులను బలిగొన్న వ్యాధి ఆయన మనస్సు నుండి ఎన్నడూ చెరగలేదు. 1931 ప్రాంతములో బొంబాయిలోని గర్భిణీ స్త్రీల రక్తహీనతను అధ్యయనము చేసిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారములో ఆ రక్తహీనతను పోగొట్టే ఏదో పదార్థమున్నదని చూపియున్నది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని పిదప తేలింది. సుబ్బారావు నాయకత్వములోని శాస్త్రజ్ఞుల బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు మందు దొరికింది. సోదరులు మరణించిన పాతికేండ్ల తరువాత ఆయన తన ప్రశ్నకు సమాధానము సాధించినాడు. నేడు మన గ్రామములలో గర్భిణీ స్త్రీలకు ఉచితముగా పంచిపెట్టే ఐరన్ మాత్రలలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఆపైన మరొక అద్భుతము. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనికి అడ్డుపడే పదార్థములను లెడర్లీ బృందము తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను రక్తక్యాన్సరుతో బాధపడే పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికముగానైనా వెనుకంజ వేయడాన్ని చూచి 1948లో ఆ ఫలితాలను ప్రకటించాడు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరులోను, కీళ్ళవాతములోను వాడుకలో ఉన్నది.

1947లో వెలువడిన హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజైన్, మన ప్రాంతమునకు అత్యంత సన్నిహితమైన ఔషధము. నల్లగొండ జిల్లా పల్లెలలో బోదకాలు తెలియని వాడలు తక్కువ. ఏనుగు పాదమువలె వాచిన కాలుతో పొలము పనికి పోలేక, పెండ్లి పేరంటములకు వెళ్ళలేక ఇంటి మూల కూర్చున్న స్త్రీలను చూచినవారికి ఈ వ్యాధి ఎంత క్రూరమైనదో తెలుసు. వ్యాధికి మూలమైన పురుగు పిల్లలను రక్తములో చంపేది ఈ మాత్రయే. వాచిన కాలును ఇది పూర్వస్థితికి తేలేదు గాని, వ్యాధి ఇతరులకు వ్యాపించకుండా అరికడుతుంది. 2004 నుండి భారత ప్రభుత్వము బోదకాలు ఉన్న జిల్లాలలో సామూహికముగా మాత్రలను మ్రింగించే కార్యక్రమాన్ని చేపట్టింది. ఇంటి వాకిటికి వచ్చి ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఆ మాత్రను చాటుగా పారవేసేవారు కొందరున్నారు. అది భీమవరములో పుట్టిన మన తెలుగువాని కానుక అని తెలిస్తే ఆ పని చేయరేమో.

కీర్తి – సత్యము

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. మన పత్రికలలోను, సభలలోను సుబ్బారావు గారిని స్తుతించే ఉత్సాహములో ఈ ఆవిష్కరణములన్నింటిని ఆయన ఒంటరిగా చేసినట్లు చెప్పడము పరిపాటి అయింది. అది సత్యము కాదు. ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్నది డెబ్బది యేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఆయన పని చేసిన ప్రయోగశాలకు సంచాలకుడు సుబ్బారావు. ఆ వృద్ధుని శక్తిపై నమ్మకముంచి పరిశోధనకు దారి సుగమము చేయడము సుబ్బారావు గారి ఘనత. ఫోలిక్ ఆమ్లము పెద్ద బృందము యొక్క కృషి. ఎ.టి.పి. ఘనతలో ఫిస్కేకు, లోమన్‌కు భాగమున్నది. ఇతరుల వాటాను లాగి మనవానికి అంటగట్టితే మనవాని గౌరవము పెరగదు. తన పేరును ముందుకు నెట్టుకొనడము ఎరుగని ఆ వినమ్రునికి అది అపచారము కూడ.

నోబెల్ బహుమతి రాలేదన్న బాధ మనకు సహజము. అయితే ఎ.టి.పి. కనుగొన్న లోమన్‌కు కూడ ఆ బహుమతి రాలేదు. హార్వర్డ్‌లో సుబ్బారావుతో కలిసి పనిచేసిన జార్జ్ హిచింగ్స్ మాత్రము 1988లో నోబెల్ అందుకొన్నాడు. సుబ్బారావు పరిశోధనలు కొన్ని ఆనాడే వెలుగు చూడకపోవడము వలన వాటిని తరువాత ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చిందని ఆయనే అంగీకరించాడు. బహుమతి కంటె సహోద్యోగి సాక్ష్యము తక్కువ విలువైనదేమీ కాదు. ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టినారు. ఆయన శతజయంతి సందర్భముగా 1995లో భారత ప్రభుత్వము తపాలా బిళ్ళను విడుదల చేసింది.

శేషగిరమ్మ

సుబ్బారావు జీవితములో మనము సాధారణముగా దాటవేసే అధ్యాయము ఆయన ధర్మపత్నిది. కొద్ది యేండ్లలో తిరిగి వస్తాడనుకొన్న భర్త మళ్ళీ రాలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవములోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడనే లేదు. భార్యాభర్తలు మళ్ళీ కలిసికోలేదు. ఆయన అమెరికా పౌరసత్వమును స్వీకరించలేదు. 1946లో భారతీయులకు ఆ హక్కు లభించిన తరువాత కూడ భారతీయుడుగానే ఉండిపోయారు. అయినా స్వదేశమునకు రాలేదు. 1948 ఆగస్టులో, స్వతంత్ర భారతమునకు ఏడాది నిండుతున్న వేళ, యాబది మూడవ యేట గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు.

ఈ అధ్యాయము మన జిల్లాల వారికి మరింత అర్థమౌతుంది. పాలమూరు కూలీలు ఆనకట్టలు కట్టడానికి దేశము నలుమూలలకు వలస వెళ్ళినారు. మన మధ్య ఎన్నో కుటుంబాలలో తండ్రులు, అన్నలు గల్ఫ్ దేశములలో ఉన్నారు. పంపిన డబ్బుతో ఇల్లు లేస్తుంది. కాని ఎదురుచూచే వారి యేండ్లు తిరిగి రావు. సుబ్బారావు కృషి వలన లక్షలాది తల్లుల బిడ్డలు బ్రతికినారన్నది సత్యము. ఒక తల్లి తన బిడ్డను ఒంటరిగా పోగొట్టుకొన్నదన్నది కూడ సత్యమే. ఒక సత్యముతో మరొక సత్యమును కొట్టివేయరాదు. శాస్త్రమునకు ఆయన చేసిన త్యాగమును కీర్తించేటప్పుడు, తన ఇష్టాయిష్టములను ఎవరూ అడుగకుండానే ఆ త్యాగములో భాగమైన శేషగిరమ్మ గారి పేరును కూడ చెప్పడము మన విధి.

విద్యార్థులకు

విద్యార్థినీ విద్యార్థులారా! మన కళాశాలలో ఉర్దూలో చదివేవారున్నారు, తెలుగులో చదివేవారున్నారు. మాతృభాషలో చదివినవారికి శాస్త్రము అందదన్న అపోహ మనలో పాతుకొని పోయింది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఉన్నత విద్యనంతటిని ఉర్దూలో బోధించిన చరిత్ర మన హైదరాబాదు రాజ్యమునకున్నది. భాష అడ్డుగోడ కాదు, అడుగక ఊరుకొనడమే అడ్డుగోడ. నేడు మహబూబ్‌నగర్‌లోను, నల్లగొండలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. సుబ్బారావుకు సముద్రములు దాటితే గాని దొరకని ప్రయోగశాల మీకు బస్సు ప్రయాణపు దూరములో ఉన్నది.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన బాలుడు, తక్కువ పట్టముతో బయటికి పంపబడిన యువకుడు, మలపాత్రలు కడిగిన వైద్యుడు ఒక్కడే. ఏ పనినీ నీచముగా భావించలేదు, ఏ ఫలితాన్నీ పరీక్షింపక పారవేయలేదు. గొట్టములో రంగు తాను ఊహించినట్లు నిలువనప్పుడు, తప్పు రంగుది కాదేమో, నా ఊహది కావచ్చునని నిదానించినాడు. ఆ నిదానమే ఆయనను శాస్త్రవేత్తను చేసింది. ఈసారి మీ ఇంటిలో ఎవరికైనా రక్తపరీక్ష చేయించినప్పుడు ఆ కాగితమును అర్థము కాని అంకెల పట్టికగా మడిచి పెట్టకండి. ఒక్కొక్క అంకె ఏమి చెబుతున్నదో వైద్యుని అడగండి, ఉపాధ్యాయుని అడగండి, పుస్తకములో వెదకండి. సుబ్బారావు గారి స్మృతికి మనము చేయగల నివాళి అదే.